మన జాడ ఎవరి సొమ్ము?

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు అంటారు. గుట్టుగా చెప్పుకోవాల్సిన మాట వస్తే అమ్మమ్మలు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. కాని ఈ రోజుల్లో ఆ చెవులు గోడకు లేవు, మన చేతిలోనే ఉన్నాయి. వాటిని మన డబ్బుతోనే కొనుక్కుని, రాత్రి ఛార్జింగు పెట్టి, తలగడ పక్కన ఉంచుకుని పడుకుంటున్నాం. "ఫోన్ మన మాటలు వింటుందా?" అని హాస్టల్లో తరచు వాదన జరుగుతూ ఉంటుంది. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న అది కాదు. ఒక్క మాట కూడా వినకుండానే మనం ఎక్కడికి వెళ్ళాం, ఎంతసేపు ఉన్నాం, ఎవరి పక్కన ఉన్నాం అన్నది తెలుసుకునే దారి ఒకటుంది. ఫోన్లో కనిపించే ప్రకటనలే ఆ దారి. వ్యాపారులు వేసిన ఆ దారిలో ఇప్పుడు ప్రభుత్వాలు కూడా నడుస్తున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ సమాచారం తీసుకోవాలంటే పోలీసులు కోర్టు అనుమతి తెచ్చుకోవాలో, దాన్నే డబ్బిచ్చి కొనుక్కుంటే అనుమతి అక్కర్లేదు అనడం న్యాయం కాదు. ఇది ఇంజనీరింగు వాళ్ళ సబ్జెక్టనీ తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద దీనికేం పని అనీ అనుకోకండి. ఫోన్ అందరి చేతిలోనూ ఉంది.

ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. ప్రతి స్మార్ట్‌ఫోనుకీ ఒక ప్రకటన నంబరు ఉంటుంది. దాన్నే అడ్వర్టైజింగ్ ఐడీ అంటారు. అది మన పేరూ కాదు, సెల్ నంబరూ కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. మనం ఒక ఉచిత యాప్ తెరిచి, వాతావరణమో, క్రికెట్ స్కోరో, ఆటో చూస్తున్నాం అనుకోండి. తెర మీద ప్రకటన ఉండే ఖాళీ చోటు ఆ క్షణంలోనే వేలానికి వెళ్తుంది. "ఫలానా నంబరు ఫోను, ఫలానా మోడలు, ఫలానా చోట ఉంది, ఈమెకు ప్రకటన చూపిస్తారా?" అని ఎన్నో కంపెనీలకు ఒకేసారి కబురు పోతుంది. వాళ్ళ కంప్యూటర్లు ధర చెబుతాయి. ఎక్కువ చెప్పినవాడి ప్రకటన మనకు కనబడుతుంది. ఇదంతా మనం కన్నుమూసి తెరిచే లోపు అయిపోతుంది.

వేలంపాట మనకు కొత్తేమీ కాదు. కోయంబేడు మార్కెట్టులోనైనా, ఊళ్ళో గుడి కొబ్బరికాయల పాటలోనైనా పాడుకున్నవాడికి సరుకు దక్కుతుంది, మిగతావాళ్ళు వట్టి చేతులతో ఇంటికి పోతారు. కాని ఈ వేలంలో ఓడిపోయినవాడు కూడా వట్టి చేతులతో పోడు. మన ఫోను ఎక్కడుందన్న కబురు వాడికీ అందింది కదా! ప్రకటన వేసే ఉద్దేశమే లేకుండా, ఆ కబుర్లు పోగుచేసుకోవడానికే వేలంలో కూర్చునేవాళ్ళు ఉన్నారు. ఇది కాక ఇంకో దారి కూడా ఉంది. యాప్ తయారుచేసేవాళ్ళు వేరే కంపెనీ ఇచ్చిన కోడు ముక్కను తమ యాప్‌లో కలుపుతారు, అందుకు డబ్బు పుచ్చుకుంటారు. ఆ ముక్క మన లొకేషన్ని నేరుగా ఆ కంపెనీకి పంపిస్తూ ఉంటుంది. ఈ రెండు దారుల్లో వచ్చిందంతా మూటగట్టి అమ్మేవాళ్ళను డేటా బ్రోకర్లు అంటారు. ఇళ్ళ బ్రోకర్లూ పెళ్ళి బ్రోకర్లూ మనకు తెలుసు. వాళ్ళు కనీసం మన ముఖం చూసి మాట్లాడతారు.

"పేరు లేదు కదా, నంబరే కదా, పోతే పోనీ" అనిపించవచ్చు. ఒక ఫోను రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పెరంబూరులో ఒక వీధిలో ఉంటుంది. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా మన కాలేజీలో ఉంటుంది. శనివారం సాయంత్రం ఒక సంగీతం టీచరుగారి ఇంటి దగ్గర ఉంటుంది. అలాంటి ఫోను లోకంలో ఎన్ని ఉంటాయి? ఒక్కటే. అది ఎవరిదో మన క్లాసులో ఎవరైనా చెప్పేస్తారు. 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది సెల్‌ఫోన్ల కదలికలు పరిశీలించారు. సమయం, చోటు కలిపి నాలుగు గుర్తులు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతా గుంపు నుంచి విడదీయవచ్చని తేలింది. మనిషికి వేలిముద్ర ఎలాగో నడక కూడా అలాగే. మన భాషలో "జాడ" అన్న మాటకు కాలిముద్ర అనీ, మనిషి ఆచూకీ అనీ రెండర్థాలు ఉన్నాయి. ఒకటి దొరికితే రెండోది దొరుకుతుందని ఆ మాట పుట్టించినవాళ్ళకు ముందే తెలుసు కాబోలు.

ఇక ప్రభుత్వం సంగతి. ఈ విషయం అందరికన్నా ఎక్కువగా బయటపడింది అమెరికాలో. అక్కడ 2018 జూన్‌లో కార్పెంటర్ కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. దుకాణాల దోపిడీ కేసులో ఒక ముద్దాయి 127 రోజుల పాటు ఎక్కడెక్కడ తిరిగాడో పోలీసులు వారంటు లేకుండా సెల్ కంపెనీ దగ్గర తీసుకున్నారు. మొత్తం 12,898 చోట్ల గుర్తులు. ఇలా మనిషి జాడంతా తీసుకోవాలంటే మామూలుగా జడ్జి ఇచ్చిన వారంటు ఉండాల్సిందేనని 5-4 మెజారిటీతో కోర్టు చెప్పింది. ముద్దాయికి కూడా గుట్టు ఉంటుందని ఒప్పుకున్న తీర్పు అది.

తీర్పు వచ్చింది సరే. కాని దాని పక్కనే ఒక సందు మిగిలిపోయింది. సెల్ కంపెనీని అడిగితే వారంటు కావాలి. డేటా బ్రోకరు దగ్గర కొంటేనో? 2020 ఫిబ్రవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక బయటపెట్టింది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వెంటెల్ అనే కంపెనీ నుంచి ఇలాంటి ప్రకటనల డేటా కొని, సరిహద్దు దగ్గరా, వలస వచ్చినవాళ్ళ మీదా వాడుతోందని. అదే సంవత్సరం నవంబరులో ముస్లిం ప్రో అనే యాప్ సంగతి బయటికి వచ్చింది. నమాజు వేళలూ, కిబ్లా దిక్కూ చూపించే యాప్ అది. దాని నుంచి లొకేషన్ ఎక్స్-మోడ్ అనే కంపెనీకి పోయేది. ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. వార్త రాగానే యాప్ వాళ్ళు ఆ సంబంధం తెంచుకున్నామని ప్రకటించారు. దేవుడికి దండం పెట్టుకునే వేళ కోసం యాప్ తెరిస్తే సైన్యం లెక్కల్లో చుక్కగా తేలడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనలో చాలామంది ఫోన్లలో పంచాంగం యాప్ ఉంది. పేరు వేరే కావచ్చు, పద్ధతి వేరే కాదు.

2021 జనవరిలో అమెరికా రక్షణ నిఘా సంస్థ డీఐఏ ఒక సెనేటరుకు రాతపూర్వకంగా జవాబిచ్చింది. బజారులో కొన్న డేటాకు కార్పెంటర్ తీర్పు వర్తించదన్నది తమ అభిప్రాయమని చెప్పింది. 2023 మార్చిలో ఎఫ్‌బీఐ డైరెక్టరు కూడా, ప్రకటనల నుంచి వచ్చిన లొకేషన్ డేటాను గతంలో ఒక ప్రాజెక్టు కోసం కొన్నామని, ఇప్పుడు కొనడం లేదని సెనేటు ముందు ఒప్పుకున్నాడు. ఆ జూన్‌లో అమెరికా నిఘా విభాగాల పెద్ద ఆఫీసు రాయించుకున్న ఒక నివేదిక బయటికి వచ్చింది. ప్రజలంతా ఎప్పుడూ జాడ చెప్పే యంత్రం ఒంటి మీద పెట్టుకుని తిరగాలని శాసించడానికి ప్రభుత్వానికి ఎన్నటికీ అనుమతి దొరికేది కాదనీ, కాని ఎవరూ శాసించకుండానే ఆ పని జరిగిపోయిందనీ ఆ నివేదికే చెప్పింది. ఇది ఉద్యమకారులు చేసిన ఆరోపణ కాదు, ప్రభుత్వం తన గురించి తాను రాయించుకున్నది.

అదే సంవత్సరం హోంల్యాండ్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ తనిఖీలో ఇంకో సంగతి తేలింది. ఈ డేటా వాడిన మూడు విభాగాలు గోప్యత నియమాలు పాటించలేదు. ఒక ఉద్యోగి అయితే ఈ సాధనంతో తన తోటి ఉద్యోగుల జాడే చూశాడట. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇదే. ప్రభుత్వం అంటే ఆకాశంలో ఉండే కన్ను కాదు. ఒక ఆఫీసు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఒక మనిషి. ఆ మనిషికి మన మీద కోపం ఉండవచ్చు, ఇష్టం ఉండవచ్చు, ఊరికే కుతూహలం ఉండవచ్చు. బస్సులో వెంటపడినవాడికి మన ఇల్లు తెలియకూడదని మనం ఒక స్టాపు ముందే దిగి నడిచి వెళ్తాం. అలాంటివాడే ఆ కుర్చీలో కూర్చుంటే ఏ స్టాపులో దిగినా ఒకటే.

ఆడపిల్లలకు ఇది ఎందుకు మరీ ముఖ్యమో చెప్పడానికి ఇంకో రెండు సంగతులు. 2022 మేలో సేఫ్‌గ్రాఫ్ అనే కంపెనీ గర్భస్రావ సేవలు అందించే క్లినిక్కులకు ఎంతమంది వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అన్న వారం రోజుల లెక్కను సుమారు 160 డాలర్లకు అమ్ముతోందని ఒక విలేకరి కొని చూపించాడు. గొడవ కాగానే అమ్మకం ఆపారు. ఆ తర్వాతి నెలలోనే అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసింది. చాలా రాష్ట్రాల్లో నిన్నటిదాకా వైద్యంగా ఉన్నది నేరమైపోయింది. 2024లో ఇంకో సంగతి తెలిసింది. 48 రాష్ట్రాల్లో 600 క్లినిక్కులకు వచ్చిపోయినవాళ్ళ ఫోన్లను గుర్తుపట్టి, గర్భస్రావ వ్యతిరేక ప్రచారం వాళ్ళ తెర మీద చూపించారని ఒక సెనేటరు విచారణలో తేలింది. అక్కడ వాడింది డేటా బ్రోకరు లొకేషనే. డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతి అమ్మకే ఎలా చెప్పాలా అని ఆలోచించే అమ్మాయికి, ముక్కూ ముఖం తెలియనివాడు ఫోన్లో నీతులు చెబుతున్నాడు.

"తప్పు చేయనివాళ్ళకు భయం ఎందుకు?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇది విన్నప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది. ఆ ప్రశ్న మనకు ఇంట్లోనే అలవాటు. "ఎక్కడికి వెళ్ళావు? ఎవరితో వెళ్ళావు? ఇంత ఆలస్యం ఎందుకైంది? తప్పు చేయకపోతే చెప్పడానికేం?" అయినా ఇంట్లో అడిగే అమ్మానాన్నలకు మనం జవాబు చెప్పవచ్చు, అలగవచ్చు, ఎదురు అడగవచ్చు. కొన్న డేటా మనల్ని ఏమీ అడగదు. మన జవాబు వినదు. క్లినిక్ పక్కనే ఉన్న బుక్‌షాపుకు వెళ్ళానని చెప్పుకునే అవకాశం ఇవ్వదు. పైగా తప్పు ఏది అన్నది మనం నిర్ణయించం. పైన చెప్పిన క్లినిక్కుల కథే చూడండి. వెళ్ళిన రోజు తప్పు కాదు, చట్టం మారిన మర్నాడు తప్పు. జాడ మాత్రం పాతదే, అలాగే భద్రంగా ఉంది.

రెండో వాదన ఇంకొంచెం బలమైనది. నేరస్థుల్నీ టెర్రరిస్టుల్నీ పట్టుకోవడానికి పోలీసులకు ఇలాంటివి కావాలి కదా, తప్పిపోయిన అమ్మాయిని వెతకాలన్నా లొకేషనే కదా దిక్కు అని. నిజమే. పోలీసులకు ఏమీ ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఒక మనిషి మీద అనుమానం ఉంటే కారణం కాగితం మీద రాసి, అధికారం ఉన్నవాళ్ళ ముందు పెట్టి, సంతకం తెచ్చుకుని తీసుకోమంటున్నాను. ఆ కాగితం ఉంటే రేపు ఎవరైనా అడగవచ్చు, తప్పయితే శిక్షించవచ్చు. కొనుగోలుకు బిల్లు ఉంటుంది కాని కారణం ఉండదు. అనుమానం ఉన్న ఒక్కరి జాడ కాకుండా, అనుమానం లేని కోట్ల మంది జాడ ముందే మూటగట్టి ఇంటికి తెచ్చుకోవడం వెతకడం కాదు, వల వేయడం. మన పాత పుస్తకాల్లో రాజును చారచక్షువు అంటారు, వేగులవాళ్ళే ఆయన కళ్ళు అని. ఆ రాజు కూడా వేగుకు జీతమిచ్చి ఒకచోటికి పంపేవాడు. ఇంటింటికీ ఒక వేగును పెట్టి, ఆ వేగుకు తిండి ఖర్చు ఆ ఇంటివాళ్ళనే భరించమన్న రాజు ఏ కథలోనూ నాకు కనబడలేదు.

"ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు?" అన్నది మూడో మాట. ప్రకటనల వేలానికి దేశం ఎల్లలు లేవు. గ్రేవీ ఎనలిటిక్స్ అనే కంపెనీ రోజూ సుమారు వంద కోట్ల ఫోన్ల నుంచి 1,700 కోట్లకు పైగా సంకేతాలు పోగుచేసేదని 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌టీసీ తన ఫిర్యాదులో రాసింది. పైన చెప్పిన వెంటెల్ దీని అనుబంధ సంస్థే. నెల తిరిగేసరికి, 2025 జనవరిలో, ఆ కంపెనీ డేటా హ్యాకర్ల చేతిలో పడిందన్న వార్త వచ్చింది. అంటే ప్రభుత్వం కోసం పోగుచేసినది ప్రభుత్వం దగ్గరే ఉంటుందన్న హామీ కూడా లేదు.

మన దేశంలో చట్టం ఏం చెబుతుందో కూడా చూడాలి. 1996 డిసెంబరులో పీయూసీఎల్ కేసులో మన సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగుకు హద్దులు పెట్టింది. హోం సెక్రటరీ స్థాయి అధికారి ఉత్తర్వు ఉండాలి, దాన్ని ఒక కమిటీ తిరిగి చూడాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఉత్తర్వులూ కమిటీలూ ఉన్నా ఏం జరగవచ్చో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు గుర్తు చేస్తూనే ఉంది. 2024లో ఆ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కాని అక్కడ ప్రశ్న అడగడానికైనా ఒక నియమం ఉంది, "ఉత్తర్వు ఏది?" అని అడగవచ్చు. కొనుగోలు విషయంలో అడగడానికి ఆ మాట కూడా లేదు.

2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీలు మన సమ్మతి అడగాలని అందులో ఉంది, అది మంచిదే. కాని 17వ సెక్షన్‌లో ఒక పెద్ద తలుపు తెరిచి పెట్టారు. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు ఈ చట్టం వర్తించదు. దొంగ సొమ్ము కొన్నవాడూ దొంగేనని మన ఊళ్ళల్లో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. ఆ న్యాయం కొనేది ప్రభుత్వమైనా వర్తించాలి. అమెరికాలో వారంటు లేకుండా ఇలా కొనకూడదన్న బిల్లు 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 219-199 ఓట్లతో గెలిచింది, సెనేటులో మాత్రం గట్టెక్కలేదు. మన పార్లమెంటులో కూడా ఆ మాట రావాలి. రావాలంటే ముందు మనలాంటివాళ్ళు అడగాలి.

చట్టం వచ్చేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, ప్రైవసీ, యాడ్స్ అన్న వరసలో వెళ్తే అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయవచ్చు. ఐఫోన్ అయితే ప్రైవసీలో ట్రాకింగ్ అన్నచోట యాప్‌లు అడగకుండా ఆపేయవచ్చు. టార్చిలైటుకూ, క్యాలెండరుకూ, ఆటలకూ లొకేషన్ ఇవ్వక్కర్లేదు. మ్యాపుకూ, క్యాబుకూ ఇచ్చినా "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకోండి. ఇంట్లో అమ్మ ఫోనూ, నాన్నమ్మ ఫోనూ మీరే ఒకసారి చూడండి. ఆ ఫోన్లు మనవాటికన్నా ఎక్కువ తెరిచి ఉంటాయి, ఎందుకంటే అడిగిన ప్రతిదానికీ వాళ్ళు "అలో" నొక్కేసి ఉంటారు. దీనితో అంతా ఆగిపోదు, కాని తగ్గుతుంది. తలుపుకు గడియ పెట్టినంత మాత్రాన దొంగతనాలు లోకంలో ఆగవు, అయినా మనం గడియ పెట్టుకునే పడుకుంటాం.

చివరగా మన మేడమ్‌లకు ఒక విన్నపం. పరీక్షలకూ, పోటీలకూ, కాలేజీ బస్సుకూ ఇప్పుడు ప్రతిదానికీ ఒక యాప్ వేసుకోమంటున్నారు. ఇక మీదట ఏ యాప్ అయినా అందరూ వేసుకోవాలని సర్క్యులరు ఇచ్చే ముందు, అది లొకేషన్ అడుగుతుందా, అడిగితే ఎందుకు, ఆ సమాచారం ఎవరి చేతికి పోతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు కూడా అదే సర్క్యులరులో ఉండేలా చూడండి. జవాబు లేని యాప్ వేసుకోనన్న అమ్మాయికి కాగితం ఫారం ఇవ్వండి. ఢిల్లీలో మార్చాల్సినది మన చేతిలో లేదు. ఈ సర్క్యులరు మాత్రం మన కాలేజీ చేతిలోనే ఉంది. ప్రభుత్వం "ఉత్తర్వు ఏది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలని కోరుకునేవాళ్ళం, ఆ అలవాటు మన మెట్ల దగ్గరే మొదలుపెడదాం.

— బి.ఏ. తెలుగు, మూడో సంవత్సరం విద్యార్థిని